అసైన్‌మెంటు లెక్కల గురించి సౌజన్యకు పెదనాన్న రాసిన ఉత్తరం

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంటర్మీడియట్‌లో లెక్కలంటే ఏనాడూ భయపడని దానివి, సివిల్ రెండో సంవత్సరంలోకి వచ్చాక స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ అసైన్‌మెంటు ముందు గంటలకొద్దీ కూర్చున్నా ఒక్క లెక్క కదలడం లేదని, ఆఖరికి హాస్టల్లో ఎవరిదో చూసి రాసి ఇస్తున్నానని బాధపడ్డావు. నీ తెలివికి వచ్చిన లోటేమీ లేదమ్మా. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) మూడు గంటలకు 160 ప్రశ్నలు ఉంటాయి కాబట్టి ప్రశ్న చూడగానే సూత్రం తట్టాలి, జవాబు నాలుగు ఆప్షన్లలో కనిపిస్తే ముందుకు సాగిపోవాలి. నీకు వచ్చిన అంకె ఆ నాలుగింటిలో లేకపోతే ఎక్కడో పొరపాటు జరిగిందని ప్రశ్నపత్రమే పట్టిచ్చేది. ఇప్పుడు అలా పట్టిచ్చేవాళ్లు లేరు. వచ్చిన జవాబు సరైనదో కాదో నీ అంతట నీవే తేల్చుకోవాలి. రేపు సైటులో నిలబడినప్పుడూ అదే పరిస్థితి. అసైన్‌మెంటు ఇచ్చేది ఈ అలవాటు కోసమేనని నా నమ్మకం.

ఒక లెక్క తీసుకుని చూపిస్తాను, కాగితం పెట్టుకుని నాతో పాటు చెయ్యి. 6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్ (రెండు చివర్లా ఆధారాల మీద ఆనించిన దూలం) మీద, ఎడమ సగానికి మాత్రమే, మీటరుకు 20 కిలోన్యూటన్ల యూడీఎల్, అంటే సమానంగా పరుచుకున్న బరువు, ఉంది. గరిష్ఠ బెండింగ్ మొమెంట్, అంటే బీమ్‌ను వంచే ప్రభావం, ఎంత? యూడీఎల్ అన్న మాట కనబడగానే చెయ్యి డబ్ల్యూఎల్ స్క్వేర్ బై ఎయిట్ మీదికి పోతుంది, 90 వచ్చేస్తుంది. ఆ సూత్రం బీమ్ పొడవునా బరువు ఉన్నప్పటిది. అందుకే ముందు బొమ్మ గీయాలి, సూత్రం సంగతి తరవాత. ఎడమ 3 మీటర్ల మీద మొత్తం బరువు 60 కిలోన్యూటన్లు, అది ఎడమ ఆధారం నుంచి 1.5 మీటర్ల దూరంలో పనిచేస్తుంది. ఎడమ చివర చుట్టూ మొమెంట్లు తీసుకుంటే కుడి రియాక్షన్ (ఆధారం పైకి నెట్టే బలం) 15 కిలోన్యూటన్లు, కాబట్టి ఎడమది 45. షియర్ ఫోర్స్ (బీమ్‌ను అడ్డంగా కోయజూసే బలం) సున్నా అయిన చోటే మొమెంట్ గరిష్ఠం; అది 45ని 20తో భాగిస్తే వచ్చే 2.25 మీటర్ల దగ్గర, అక్కడి మొమెంట్ 50.625 కిలోన్యూటన్ మీటర్లు.

చాలామంది ఇక్కడ కింద గీత గీసి తరవాతి లెక్కకు పోతారు. నీవు మాత్రం ఇంకో రెండు నిమిషాలు ఆగు. బీమ్ నిండా బరువు ఉంటే మధ్యలో 90 వచ్చేది. అందులో ఎడమ సగం బరువు వాటా, కుడి సగం బరువు వాటా సమానంగా ఉండి తీరాలి, ఎందుకంటే ఒకదాన్ని అద్దంలో చూస్తే రెండోది. అంటే మన లెక్కలో సరిగ్గా మధ్యన 45 రావాలి. కుడి రియాక్షన్ 15ను 3 మీటర్లతో గుణించు, 45 వస్తుంది. బరువు ఎడమవైపు ఉంది కనుక గరిష్ఠం మధ్యకు కాస్త ఎడమగా, 45 కంటే కొంచెం ఎక్కువగా ఉండాలి, 2.25 మీటర్లు, 50.625 రెండూ ఆ మాటకు సరిపోయాయి. జవాబుల పేజీ చూడకుండానే ఈ లెక్క ఒప్పని ఇప్పుడు నీవు ఎవరికైనా గట్టిగా చెప్పగలవు.

అదే బీమ్ 150 మిల్లీమీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల లోతు ఉంటే గరిష్ఠ స్ట్రెస్ ఎంతని తరవాతి ప్రశ్న అడుగుతుంది. మొమెంట్‌ను న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చి సెక్షన్ మాడ్యులస్‌తో (వెడల్పు ఇంటూ లోతు స్క్వేర్ బై 6) భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 22.5 న్యూటన్లు వస్తుంది. యూనిట్లు కలగాపులగం చేసి 22,500 తెచ్చుకునేవాళ్లూ ఉంటారు. మామూలు నిర్మాణపు ఉక్కు 250 దగ్గరే యీల్డ్ అవుతుందని (శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందని) గుర్తుంటే ఆ అంకెను అక్కడే కొట్టేస్తాం. ఇలాంటి కొన్ని విలువలు కంఠతా ఉండటం సూత్రాలు కంఠతా ఉండటం కంటే మేలు.

అంకెలను చివరి దాకా వెయ్యకు, అక్షరాలతోనే నడిపించు. వాలు తలం మీద జారే దిమ్మె త్వరణం జీ ఇంటూ బ్రాకెట్లో సైన్ తీటా మైనస్ మ్యూ కాస్ తీటా అని వచ్చిందనుకో; తీటా వాలు కోణం, మ్యూ ఫ్రిక్షన్ గుణకం. తీటా 90 డిగ్రీలైతే జీ వస్తుంది, దిమ్మె స్వేచ్ఛగా పడుతోందన్నమాట, బాగుంది. తీటా సున్నా అయితే మాత్రం మైనస్ మ్యూ జీ వస్తుంది. నేల మీద ఊరికే ఉన్న దిమ్మె తనంతట తాను వెనక్కి కదలదు కదా! ఆ సూత్రం కిందికి జారుతున్న దిమ్మెకే చెల్లుతుందని, నిలిచి ఉన్న దిమ్మె జారాలంటే టాన్ తీటా ముందు స్టాటిక్ ఫ్రిక్షన్ గుణకాన్ని దాటాలని అప్పుడు బోధపడుతుంది. మొదట్లోనే 30 డిగ్రీలు, 0.2 వేసేసి ఉంటే ఇది నీ కంట పడేదే కాదు.

గణితంలో సరిచూసుకోవడం ఇంకా సులువు. ఇంటెగ్రల్ చేస్తే జవాబును డిఫరెన్షియేట్ చెయ్యి, డిఫరెన్షియల్ ఈక్వేషన్ అయితే సొల్యూషన్‌ను తిరిగి అందులోనే పెట్టు, మాట్రిక్స్ ఐగెన్ వాల్యూస్ అయితే వాటి మొత్తం ట్రేస్‌కు (ప్రధాన కర్ణం మీది అంకెల మొత్తానికి), లబ్ధం డిటర్మినెంట్‌కు సమానమో కాదో చూడు.

ఇక అసలు కదలని లెక్క సంగతి. అరగంట నిజాయితీగా ప్రయత్నించాక, ఎక్కడ ఆగిపోయావో ఒక పూర్తి వాక్యంలో రాయి: ‘కుడి ఆధారం హింజో రోలరో తెలియడం లేదు’, ‘తెలియనివి మూడు, సమీకరణాలు రెండే ఉన్నాయి’, ఇలాగ. సగం చిక్కులు ఆ వాక్యం రాస్తుండగానే విడిపోతాయి. విడిపోకపోతే ఆ కాగితంతోనే మీ సారు దగ్గరకు వెళ్లు. ‘ఈ లెక్క రాలేదు సార్’ అనే పిల్లకూ, ఫలానా చోట ఆగానని చూపించే పిల్లకూ ఆయన చెప్పే తీరులో చాలా తేడా ఉంటుంది. స్నేహితురాలి నోట్సు గానీ, ఫోనులో దొరికిన సాధన గానీ చూడవద్దని నేననను. నీవు ఆగిన మెట్టు వరకే చూసి మూసెయ్యి, మిగతాది నీవే పూర్తి చెయ్యి, మర్నాడు తెల్ల కాగితం మీద మొదటినుంచీ ఏదీ చూడకుండా మళ్లీ చెయ్యి. అలా చెయ్యలేకపోతే ఆ లెక్క ఇంకా నీది కానట్టే, మార్కులు వచ్చినా సరే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అసైన్‌మెంటు పుస్తకం తీసుకురా. ఫెయిర్ చేసినది వద్దు, కొట్టివేతలున్న రఫ్ పుస్తకమే కావాలి. డిఫ్లెక్షన్ల (బీమ్ ఎంత కిందికి వంగుతుందనే) చాప్టర్ అప్పటికి మొదలై ఉంటే, ఆ వంపు లెక్కగట్టే మకాలే పద్ధతి ఇద్దరం కలిసి చేద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న