మూడేళ్ల పాపని అంగన్‌వాడీలో వేయాలా, నర్సరీలో చేర్చాలా?

పాపకి మొన్ననే మూడేళ్లు నిండాయి, ఇంకా పెన్సిల్ పట్టుకోవడం రాదు, పక్కింటి పిల్లాడేమో ఏబీసీడీలు రాసేస్తున్నాడు, అంగన్‌వాడీలో వేస్తే చుట్టాల్లో చులకనైపోతామని మీ అత్తగారు. ఇదీ కదా మీరు రాసిన టెన్షన్. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెద్దమ్మాయిని నర్సరీలో వేశాం, చిన్నాడిని అంగన్‌వాడీలో. రెండూ చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

పెద్దదానికి మూడేళ్లు నిండకుండానే టౌన్లో ఒక ప్రైవేట్ స్కూల్లో చేర్చాం. ఎనిమిదింటికే ఆటో వచ్చేసేది. టై, బెల్టు, బూట్లు. మొదటి నెల ముచ్చటగానే ఉంది. రెండో నెల నుంచి హోంవర్కు మొదలైంది. ఒకరోజు పేజీ నిండా నిలువు గీతలు, మర్నాడు పేజీ నిండా అడ్డగీతలు. అది పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుని నొక్కేది, కాయితం చిరిగేది, చిరిగిందని ఏడుపు. చివరికి దాని చెయ్యి పట్టుకుని సగం పేజీ నేనే రాసేసేదాన్ని, టీచర్ దానికి స్టార్ పెట్టేది. (ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. అందులో స్టార్లన్నీ నావే.) దసరా సెలవులు వచ్చేసరికి పిల్ల రాత్రిళ్లు పక్క తడపడం మొదలెట్టింది. అంతకుముందు ఆరు నెలలుగా లేని అలవాటు అది.

పిల్లల డాక్టరు గారికి చూపిస్తే మందేమీ రాయలేదు. బడిలో ఏం చేయిస్తున్నారని అడిగి, దాని మణికట్టు పట్టుకుని నాకు చూపించారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే, ఎక్స్‌రేలో కనపడవు కూడా. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తుంది. మూడేళ్ల పిల్లకి మూడో నాలుగో గట్టిపడి ఉంటాయి, అంతే. ముందు భుజానికి బలం రావాలి, తర్వాత మోచేతికి, చివరికి వేళ్లకి. "ఇంట్లో చపాతీ పిండి పిసకనివ్వమ్మా, రాత దాని టైముకి అదే వస్తుంది" అన్నారు. నాకు మా మామ్మ గుర్తొచ్చింది. అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి వేలితోనే దిద్దిస్తాం కదా, పెన్సిలు ఇవ్వం. ఆ రోజుల్లో ఐదో ఏట బళ్లో వేసినా ముందు ఇసుకలో వేలితో దిద్దించేవారట.

చిన్నాడి విషయానికొచ్చేసరికి మా వీధి చివరి అంగన్‌వాడీలో వేశాం. నిజం చెప్పాలంటే బుద్ధొచ్చి కాదు, ఆ ఏడాది రొయ్యల చెరువులో నష్టమొచ్చి ఫీజు కట్టలేక. మొదటి వారం వాడితో పాటు అక్కడే వరండాలో కూర్చునేదాన్ని. ఒకరోజు టీచరమ్మ కొబ్బరాకులు తెచ్చి, ఈనె తీసేసి, పిల్లలకి తలా ఒక ఆకు ఇచ్చింది. బూర చుట్టాలి. చుట్టడం మొదలెట్టాక చివర్ని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో నొక్కి పట్టుకోకపోతే మొత్తం విచ్చుకుపోతుంది. మావాడు నాలుగుసార్లు వదిలేశాడు, ఐదోసారి చుట్టాడు, ఊదితే మోగలేదు, అయినా ఇంటిదాకా ఊదుకుంటూ వచ్చాడు. పెన్సిల్‌కి కావలసిన పట్టు కూడా ఆ మూడు వేళ్లదే. చింతగింజలు ఒక్కోటీ ఏరి సీసాలో వేయడమూ అలాంటిదే. చూసేవాళ్లకి 'ఊరికే ఆడిస్తున్నారు' అనిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది, నాకు పెన్సిల్ కంటే అదే ముఖ్యం. మూడేళ్లకి పిల్లలు మూడు నాలుగు మాటలు కలిపి చెప్పాలి, చెప్పింది బయటివాళ్లకి చాలావరకు అర్థమవ్వాలి. మావాడు 'నీయ్యు', 'పాయు' దగ్గరే ఆగిపోయాడు. వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకి గానీ మాట్లాడలేదని మా అత్తగారు కొట్టిపారేసేవారు. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు ఆరోగ్య బృందం వచ్చి చూడాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013లో పెట్టిన పథకం. ఆ వచ్చినావిడ వీడి వెనక నిలబడి మెల్లిగా పిలిచింది. వీడు తిరగలేదు. ఇంకోసారి పిలిచింది, తిరగలేదు. నాకు కాళ్లు వణికాయి. పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. వైద్యం చేయించాక నాలుగైదు నెలల్లో మాట తిరిగింది. ఇప్పుడు ఆపమన్నా ఆపడు. మీ పాప మాట ఎలా ఉందో మీరు రాయలేదు. ముందు అది చూసుకోండి.

తిండి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఇంట్లో గుడ్డు చూస్తే మూతి తిప్పుకునేవాడు, అక్కడ పదిమందితో కూర్చుని తినేసేవాడు. నెలనెలా బరువు చూస్తారు.

అన్ని అంగన్‌వాడీలూ ఇలాగే ఉంటాయని మాత్రం చెప్పను. మా చుట్టాల ఊళ్లో ఒకటుంది, అద్దె గది, వానొస్తే గుమ్మం ముందు మోకాల్లోతు నీళ్లు. టీచరేమో సగం రోజు రిజిస్టర్లు, ఫోన్లో యాప్ నింపడం, లేకపోతే మీటింగు. ఆయా ఒక్కతే అన్నం పెట్టి పంపేస్తుంది. అలాంటి చోటైతే నేనూ వేయను. అలాగే ఆటలతో నడిపే మంచి నర్సరీ దగ్గర్లో ఉంటే, ఫీజు మీకు భారం కాకపోతే, సుబ్బరంగా వేయండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఒకే దశగా తీసుకుని, ఆటపాటలతోనే నడపమంది. ఒకటో తరగతి ఆరేళ్లకి. అంటే మీ పాపకి ఇంకా మూడేళ్లు టైముంది.

ఏది ఎంచుకున్నా సరే, మన డెల్టాలో ఉన్నవాళ్లం కాలవని మర్చిపోకూడదు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు పిల్లలు ఎండిన కాలవలో దిగి ఆడతారు. జూన్‌లో నీళ్లొదిలాక కూడా కాళ్లు అటే లాగుతాయి. ఊరి చుట్టూ చెరువులు సరేసరి. బంగ్లాదేశ్ కూడా మనలాంటి డెల్టాయే. అక్కడి పల్లెల్లో చిన్నపిల్లలు నీళ్లలో పడిపోకుండా, పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఒకచోట కూర్చోబెట్టి చూసుకునే 'ఆంచల్' కేంద్రాలు పెట్టారు. మనం పొయ్యి దగ్గర, దొడ్లో పని మీద ఉండే గంటలు కూడా అవే. కాబట్టి చేర్చేముందు గేటుకి గడియ ఉందా, అది పిల్లలకి అందేలా ఉందా, కాలవ గట్టు ఎన్ని అడుగుల్లో ఉంది, ఇవి చూడండి. మా అంగన్‌వాడీకి గేటే లేదు. తల్లులం తలా కొంచెం వేసుకుని వెదురు తడిక పెట్టించాం.

రెండు చోట్లకీ చెప్పకుండా పదకొండింటికి వెళ్లండి. గోడల మీద చార్టులు చూడొద్దు, పిల్లల చేతుల్లో ఏముందో చూడండి. పిల్లల మాటలు వినపడుతున్నాయా, లేక అందరూ నోటి మీద వేలు వేసుకుని కూర్చున్నారా చూడండి. ఒక గంట కూర్చుంటే మీకే తెలిసిపోతుంది.

మీ అత్తగారు కచ్చితంగా అడుగుతారు కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మా పెద్దదాని దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. చిన్నాడిది కోడి గెలికినట్టుంటుంది. కానీ బడి నుంచి రాగానే సంచి విసిరేసి, ఆ రోజు జరిగిందంతా మా అత్తగారికి పూసగుచ్చినట్టు చెప్పేది వాడే.