నటి శారద ఎంపీగా కూడా చేశారా?

చేశారు. 1996లో తెలుగుదేశం తరఫున సొంత ఊరు తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ సభే రెండేళ్లు నిండకుండా రద్దయింది. అందుకే చాలామందికి ఈ సంగతి గుర్తుండదు.

అసలు ఘనత నటనలోనే ఉంది. జాతీయ ఉత్తమ నటి అవార్డు మూడుసార్లు వచ్చింది: మలయాళంలో ‘తులాభారం’, అదూర్ గోపాలకృష్ణన్ తీసిన ‘స్వయంవరం’, ఆ తర్వాత తెలుగులో ‘నిమజ్జనం’. అప్పట్లో ఆ అవార్డును ‘ఊర్వశి’ అనేవారు, ఊర్వశి శారద అన్న పేరు అలా వచ్చిందే. తెనాలి అమ్మాయికి మొదటి రెండూ మలయాళం సినిమాలకే రావడం నాకైతే ఇప్పటికీ వింతే! ‘తులాభారం’ తెలుగులో ‘మనుషులు మారాలి’గా వస్తే అందులోనూ ఆవిడే కథానాయిక.