భూమి లోపల బంగారు గని ఎలా నడుస్తుంది?

గనిలోకి దిగితే గోడల్లో బంగారం మెరుస్తూ కనిపిస్తుందా అంటే, చాలా చోట్ల అస్సలు కనిపించదు, ఎందుకంటే టన్ను రాయిలో ఉండేది కొన్ని గ్రాములే. షాఫ్ట్ అనే నిలువు బావిలో లిఫ్టులో దిగి, సొరంగాల గుండా బంగారం ఉన్న పొర దాకా వెళ్లి, రంధ్రాలు వేసి, మందుగుండు కూరి పేలుస్తారు. పొగ పోయేదాకా ఎవరూ అటు పోరు. తర్వాత ఆ రాయిని పైకి చేర్చి, పిండి చేసి, సయనైడ్ ద్రావణంలో బంగారాన్ని కరిగించి తీస్తారు.

అసలు టెన్షన్ వేడితోనే. దక్షిణాఫ్రికాలోని మ్పోనెంగ్ గని దాదాపు 4 కిలోమీటర్ల లోతు, అక్కడ రాయే 60 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి పైనుంచి ఐసు కలిపిన నీళ్లు పంపి, చల్లగాలి తోలితే తప్ప మనిషి నిలబడలేడు. ఊట నీళ్లు తోడే పంపులు సరేసరి, రాత్రింబవళ్లు ఆడాల్సిందే.