గుడ్ ఫ్రైడేకు గొలుసు ప్రార్థన

ప్రశ్న: గుడ్ ఫ్రైడేకు సంఘమంతా విజ్ఞాపన ప్రార్థన (ఇతరుల కోసం చేసే ప్రార్థన) పెట్టుకుందామంటే, రాత్రంతా కూర్చోలేమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, జమ్మలమడుగు

జవాబు: అందరూ రాత్రంతా కూర్చోవాలని ఎవరన్నారమ్మా? గురువారం రాత్రి ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన) అయ్యాక మొదలుపెట్టి, శుక్రవారం మధ్యాహ్నం 12కు మూడు గంటలపాటు సాగే ఆరాధన మొదలయ్యేదాకా ప్రార్థన గొలుసులా తెగకుండా సాగేట్టు అరగంటకు ఇద్దరు చొప్పున వంతులేసి, పేర్లు రాసి చర్చి తలుపుకు అంటించండి. తెల్లవారుజాము వంతు కుర్రాళ్లకివ్వండి, ముసలివాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎవరైనా కునుకు తీస్తే కసురుకోవద్దు, గెత్సేమనే తోటలో యేసు ప్రార్థిస్తుంటే ఆయన శిష్యులకే నిద్ర ఆగలేదు! విన్నపాలు చీటీల మీద రాయించండి: వానలు, జబ్బుపడినవాళ్లు, కువైట్‌కు పోయిన బిడ్డలు, బైబిల్లో మొదటి తిమోతి 2వ అధ్యాయం చెప్పినట్టు అధికారులు కూడా. కాకపోతే ఎవరింటి గొడవనూ పేరు పెట్టి మైకులో చదవకండి, తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది.