చెట్టూ చేమా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు కలిపి చాలానే వచ్చాయి, అందులో సగం వేపచెట్టు గురించే. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఒకేలా ఉన్నవి కలిపేశాను, ఏమీ అనుకోకండి.

మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఇరవై ఏళ్ల వేపచెట్టు ఉందండీ. రెండేళ్ల క్రితం పెద్దవాళ్లు కూర్చుంటారని దాని చుట్టూ గ్రానైట్ అరుగు కట్టించాం. ఇప్పుడు పై కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతున్నాయి. రోగం వచ్చింది, కొట్టించేద్దాం అంటున్నారు సెక్రటరీ గారు. నిజంగా రోగమేనా? (ఒక పాఠకురాలు, వనస్థలిపురం)

అరుగు కట్టి రెండేళ్లయిందని మీరే రాశారు కదండీ, సగం జవాబు అక్కడే ఉంది.

ముందు రోగం సంగతి చూద్దాం. వేపకి కొమ్మలు ఎండే తెగులు ఉన్నమాట నిజమే. 2021 చివర్లో తెలంగాణ అంతా వేపచెట్లు ఎవరో నిప్పు పెట్టినట్టు మాడిపోయాయి, గుర్తుండే ఉంటుంది. అది ఫోమాప్సిస్ అనే బూజు వల్ల వచ్చేది, టీ దోమ అనే పురుగు లేత చిగుళ్లని గుచ్చి రసం పీల్చడంతో ఇంకా ఎక్కువైంది. అప్పుడు కూడా జనం ఇక వేప పనైపోయింది అనుకున్నారు, కొందరు కొట్టేశారు కూడా, తీరా ఎండాకాలం వచ్చేసరికి చాలా చెట్లు వాటంతటవే చిగురేశాయి. తెగులైతే మామూలుగా వానాకాలంలో మొదలై చలికాలానికి ముదురుతుంది, చుట్టుపక్కల వేపలకి కూడా కనిపిస్తుంది. మీ వీధిలో మిగతా వేపలు బాగుండి మీదొక్కటే ఎండుతోందంటే నా అనుమానం అరుగు మీదే.

చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయనుకుంటాం గానీ నీళ్లు, ఆహారం తాగే సన్న వేళ్లు చాలావరకు పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మలు పరుచుకున్నంత మేర, అంతకంటే దూరం కూడా వెళ్తాయి. వాటికి గాలి ఆడాలి. పైన సిమెంటు పోసి గ్రానైట్ పరిస్తే వాన నీళ్లు కాలవలోకి పోతాయి, కింద వేళ్లు ఊపిరాడక చస్తాయి, ఆ సంగతి మనకి కొమ్మ చివర్లలో రెండేళ్లు ఆలస్యంగా తెలుస్తుంది. మా వీధి కానుగకి ఇలాగే అయింది. రోడ్డు వేసిన కాంట్రాక్టరు మొదలు దాకా సిమెంటు పోసేశాడు, అడిగితే "నీట్‌గా ఉంటుంది కదమ్మా" అన్నాడు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ముందు ఎండిన కొమ్మ మీద బెరడుని గోటితో కొద్దిగా గీకి చూడండి, లోపల పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. తర్వాత అరుగు తీయించండి, కనీసం మొదలు చుట్టూ ఒక మీటరు. ఈ మీటరు లెక్క నాది కాదు, 2013లో ఢిల్లీ చెట్ల కేసులో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇదే చెప్పింది, చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని. బ్రేకర్ మెషిన్ వద్దు, మేస్త్రీని సుత్తి ఉలితో నిదానంగా పగలగొట్టమనండి. అరుగు లోపల మట్టి నింపి ఉంటే అది కూడా తీయాలి, ఎందుకంటే మొదలు నేలలోకి దిగే చోట కొంచెం వెడల్పై ఏనుగు పాదంలా ఉంటుంది, ఆ పాదం బయటికి కనిపించేదాకా చేత్తో తీయండి, పారతో కాదు. బొటనవేలంత లావున్న వేరు ఏదీ తెగకూడదు. ఆ తర్వాత ఎండుటాకులు రెండు మూడంగుళాలు పరిచి (మానుకి ఆనించకుండా) వారానికోసారి బాగా లోపలికి దిగేలా నీళ్లు పెట్టండి. మొత్తం ఎండిపోయిన కొమ్మలు కొట్టించొచ్చు. ఒకటి రెండు సీజన్లు ఆగి చూడకుండా మాత్రం చెట్టు జోలికి వెళ్లొద్దు. పెద్దవాళ్లకి రెండు బెంచీలు వేయించండి, నీడ ఎలాగూ అక్కడిదాకా వస్తుంది.

ఇంకోటి, సెక్రటరీ గారికి చెప్పండి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం పర్మిషన్ లేకుండా చెట్టు కొట్టకూడదు, మన కాంపౌండులో ఉన్నా సరే. అటవీ శాఖకి అప్లై చేసుకోవాలి. ఈ ఒక్క ముక్కకే చాలా మీటింగులు చప్పబడతాయి.

మాది విశాఖ. హుద్‌హుద్ తుఫానులో మా ఇంటి ముందు తురాయి పడిపోయి కారు నుజ్జయింది. అప్పట్నుంచి చెట్టంటేనే మా ఆవిడకి భయం. ఇప్పుడు మళ్లీ ఏదైనా నాటాలనుంది, ఏది నాటాలి? (ఒక రిటైర్డ్ ఉద్యోగి)

2014 అక్టోబరు 12 మీ ఊళ్లో ఎవరూ మర్చిపోరు లెండి. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. పువ్వు అందమే గానీ చెక్క పెళుసు, వేళ్లు పైపైనే. సముద్రపు గాలికి పొన్న, కానుగ బాగా తట్టుకుంటాయి, పొన్న అసలు పుట్టిందే ఒడ్డు మీద. కొంచెం చిన్న చెట్టు కావాలంటే పొగడ పెట్టండి, నిదానంగా పెరుగుతుంది, పూలు రాలితే మీ ఆవిడగారే ఏరుకుంటారు.

అయితే ఏ చెట్టు అన్నదానికంటే ఏ మొక్క అన్నది ముఖ్యం. నర్సరీలో ఏడెనిమిది అడుగుల మొక్క కనిపించగానే ఎగబడి తెచ్చుకుంటాం. ఒకసారి కవరు చింపి చూడండి, వేళ్లు కవరు గోడ వెంబడి గుండ్రంగా చుట్టచుట్టుకుని జంతికలా ఉంటాయి. దాన్ని అలాగే గోతిలో పెడితే ఆ చుట్ట అలాగే లావెక్కుతుంది, పదేళ్ల తర్వాత గాలి రాగానే చెట్టు మొత్తం సీసా మూతలా ఊడొస్తుంది. కాబట్టి రెండు మూడడుగుల మొక్కే తీసుకోండి, చుట్టుకున్న వేళ్లుంటే పదునైన బ్లేడుతో కోసేసి మిగతావి విడదీసి నాటండి. గొయ్యి రెండడుగుల వెడల్పు. మొక్క కవర్లో ఎంత లోతులో ఉందో నేలలో కూడా అంతే లోతు. చుట్టూ పాదు చేసి మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పోయండి. ఊతకర్ర వదులుగా కట్టి ఏడాదికి తీసేయండి. కాస్త ఊగితేనే మాను గట్టిపడుతుంది.

కరెంటు వాళ్లు వచ్చి మా చెట్టుని సగానికి నరికేసి వెళ్లారు, మొండెంలా ఉంది. ఎవర్నడగాలి? (కరీంనగర్)

వాళ్లకి తీగె ముఖ్యం, చెట్టు కాదు, వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. తీగెల కింద రావి లాంటి పెద్ద చెట్లు నాటిన మనదీ తప్పే, అక్కడ పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు లాంటివి చాలు. ఇకముందు లైన్ క్లియరెన్స్‌కి వచ్చినప్పుడు మీరూ బయట నిలబడి ఒకటే అడగండి, తీగెకి తగిలే కొమ్మని మాను దగ్గరిదాకా కొయ్యమని, మధ్యలో మోడు వదలొద్దని. కొమ్మ పుట్టేచోట గాజులా ఉబ్బుంటుంది, ఆ ఉబ్బు కొయ్యకుండా దాని అంచున కొయ్యాలి, అక్కడే గాయం మూసుకునేది. మోడు వదిలితే అది కుళ్లి లోపలికి పోతుంది, పక్కనుంచి గుత్తులుగా వచ్చే కొమ్మలు బలంగా అతుక్కోవు, రేపు విరిగేవి అవే.

మా వీధి చివర చింతచెట్టు మాను మధ్యలో తొర్ర పడింది, లోపల ఏం లేదు. పడిపోతుందా? దయ్యాలున్నాయి అని కూడా అంటున్నారు. (హైదరాబాద్ పాతబస్తీ)

దయ్యాల సంగతి నాకు తెలీదండీ, రాత్రిళ్లు అక్కడ గుడ్లగూబలుంటే మాత్రం మంచిదే, ఎలకలు తగ్గుతాయి. చెట్టులో బతికుండేది బెరడు కిందున్న పొర, మధ్యలో చెక్క ఎప్పుడో చచ్చిందే, అందుకే తొర్ర పడ్డ చెట్లు కూడా దశాబ్దాలు నిలబడతాయి. తొర్రలో సిమెంటు మాత్రం పోయకండి, తడి లోపలే ఉండిపోతుంది. కొత్తగా ఒక పక్కకి ఒరిగిందా, మొదట్లో నేల పగిలి లేచిందా, మొదలు చుట్టూ కుక్కగొడుగులు వస్తున్నాయా చూడండి. వీటిలో ఏదున్నా జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ వాళ్లకి కంప్లయింట్ ఇవ్వండి, లేకపోతే వదిలేయండి. మీకు దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింత ఉంది కదా, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని మీదికెక్కి నూట యాభై మంది దాకా బతికారు. మీ చెట్టుని ఓసారి ఫొటో తీసి పంపండి, మొదలు దగ్గర్నుంచి, పైనుంచి కాదు.

డివైడర్ మీద కోనోకార్పస్ (అందానికి నాటే విదేశీ చెట్టు, దాని పుప్పొడితో ఎలర్జీ వస్తుందంటున్నారు) తీసేసి వేరేవి పెట్టమని మా కాలనీలో గొడవ. (గుంటూరు)

కొత్తగా ఇంకెక్కడా పెట్టకుండా ఉంటే చాలు. ఉన్నవి ఒక్క రోజులో పీకేస్తే ఎండాకాలంలో రోడ్డంతా బోడిగా ఉంటుంది. మధ్యమధ్యలో గన్నేరు, కానుగ పెట్టి, అవి మోకాలెత్తు దాటాక పాతవి వరసగా తీసుకుంటూ పొండి.