నాన్న బతికుండగానే ఇల్లు తమ్ముడికి రాసేస్తే కూతురు అడగొచ్చా?

ఇల్లు తమ్ముడికి హిబా (బతికుండగా ఇచ్చే కానుక) చేస్తానంటున్నారు అబ్బా, నీ నిఖాకు బంగారం పెట్టాం కదా అంటున్నారు, అడగడం తప్పా అని రాశారు. తప్పేం లేదు, అడగండి. మాది చిత్తూరు, మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ నడిచింది.

బంగారుపాళ్యం దగ్గరి తోతాపురి తోట మొత్తం అన్నకే అన్నారు మా అబ్బా. అమ్మీ మాత్రం హజ్రత్‌ను, అంటే మా మతగురువును, అడిగేదాకా ఒప్పుకోనంది. ఆయన మాకు ప్రవక్త గారి సహచరుడు బషీర్ గారి సంగతి చెప్పారు, బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది: బషీర్ గారు తన కొడుకు నూమాన్‌కు ఒక కానుక ఇచ్చి ప్రవక్త (స) గారిని సాక్షిగా ఉండమంటే, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగారు, లేదనేసరికి అల్లాహ్‌కు భయపడండి, పిల్లల మధ్య న్యాయంగా ఉండండి అన్నారు, బషీర్ గారు ఇచ్చింది వెనక్కి తీసుకున్నారు. ఇదే సంగతి ఇంకో రివాయత్‌లో (కథనంలో), వాళ్లంతా నిన్ను సమానంగా చూసుకోవాలని నీకు ఉండదా అని అడిగారట. మా అబ్బా మెత్తబడింది ఆ మాటకే.

మన హనఫీ మజ్‌హబ్‌లో (ధర్మశాస్త్ర సంప్రదాయంలో) తేడాగా ఇస్తే హిబా చెల్లకుండా పోదు గానీ కారణం లేకుండా అలా చేయడం మక్రూహ్ (ఇష్టం లేని పని), ఇంకో మజ్‌హబ్ వాళ్లు హంబలీలైతే పిల్లల మధ్య న్యాయంగా పంచడం వాజిబే (తప్పనిసరే) అంటారు. బతికుండగా ఇచ్చేదాంట్లో మన దగ్గర కొడుకూ కూతురూ సమానమే. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి అనేది చనిపోయాక వారసత్వం లెక్క, మనవాళ్లు ఈ రెండూ కలిపేస్తారు.

బంగారం సంగతి కొట్టిపారేయకండి, లెక్కలోకి తెమ్మనండి. అమ్మీ మా వెల్డింగ్ షాపు అప్పుల నోటుబుక్కు చివరి పేజీలో మా నగలన్నీ రాయించి, కింద అన్న బైకు కూడా ఎక్కించింది, అప్పుడు వాడి మొహం చూడాలి! కానీ వాడు చదువు మానేసి జీతం లేకుండా ఆ షాపులోనే ఉన్నాడు, కష్టపడ్డవాడికి కొంచెం ఎక్కువ ఇవ్వడం న్యాయమైన కారణమే, మిగతావాళ్లకు నష్టం చేయాలనే ఉద్దేశం లేకపోతే చాలు అన్నారు హజ్రత్. షాపు వాడికిచ్చి తోట మా ముగ్గురు పిల్లలకీ సమానంగా పంచారు.

మా ఇల్లు మాత్రం అబ్బా పేరు మీదే ఉంది. హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కానీ ఇస్తున్నానని చెప్పడం, అవతలివాళ్లు ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం మూడూ జరగాలి. మొదటి ఖలీఫా అబూబకర్ (ర) గారు తన కూతురు ఆయిషా (ర) గారికి ఖర్జూరాలు ఇస్తానన్నా ఆమె ఇంకా తీసుకోకపోవడంతో, ఆయన చివరి రోజుల్లో అవి వారసులందరివీ అయిపోయాయి.

తమ్ముడితో గొడవ పెట్టుకోకండి, అబ్బాతోనే మాట్లాడండి, అదీ ఆయన ఆరోగ్యంగా ఉండగానే. మరణానికి దారితీసే జబ్బులో ఒక వారసుడికి ఇచ్చేది మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది.