కోటగడ్డ పక్కన కోళ్ల షెడ్డు: ముందు తవ్వించి చూపాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో కోటగడ్డ అనే పురాతన మట్టిదిబ్బ దగ్గర నాన్నగారి పేరు మీద రెండెకరాల పట్టా భూమి ఉంది. అందులో కోళ్ల షెడ్డు, చిన్న గోదాము వేయాలనుకుంటున్నాం. రేకుల షెడ్డుకు పంచాయతీ పర్మిషన్ చాలని ఊళ్లో అంటున్నారు. ఇంగ్లండ్‌లో ఉన్న మా బావమరిది మాత్రం, అక్కడ పాత మట్టికోటల పక్కన పశువుల కొట్టం కట్టాలన్నా ముందు పురావస్తు పరీక్షకు గుంతలు తీయిస్తారని చెప్పాడు. ఇక్కడా అంతేనా? ఏమైనా బయటపడితే భూమి పోతుందా? గడ్డ నుంచి మా పొలం సుమారు 180 మీటర్లు.
– ఒక పాఠకుడు

జవాబు: మీ బావమరిది చెప్పింది అక్కడికి నిజమే. నేలలో పాత ఆనవాళ్లు ఉండొచ్చనిపిస్తే అక్కడి ప్లానింగ్ అధికారులు ముందే పరీక్ష చేయించమంటారు. ఖర్చు మామూలుగా కట్టుకునేవాళ్లదే. మన చట్టం ముందుగా చూసేది దూరం.

కోటగడ్డ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీ 180 మీటర్లు ఎక్కడి నుంచి కొలిచారో రాయలేదు. చాలామంది దిబ్బ ఎత్తు మొదలైన చోట టేపు పెడతారు. చట్టం కొలిచేది రక్షిత ప్రదేశం హద్దు నుంచి. ఆ హద్దు దిబ్బ దాటి పొలాల్లోకి వచ్చి ఉంటే మీ 180 కాస్తా 90 కావచ్చు. కాబట్టి ముందు గడ్డను రక్షిత ప్రదేశంగా ప్రకటించిన నోటిఫికేషన్ కాపీ, అందులోని సర్వే నంబర్లు, గ్రామ నక్షా, మీ టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) పక్కపక్కన పెట్టి సర్వేయర్‌తో కొలిపించండి. ఈ పని కాకుండా సిమెంటు బస్తా కూడా కొనవద్దు.

నిషిద్ధ ప్రాంతంలో తేలితే కొత్త షెడ్డు కుదరదు. పాతది ఉంటే మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. నియంత్రిత ప్రాంతమైతే కట్టుకోవచ్చు, కానీ అనుమతి తప్పదు. దరఖాస్తు సంబంధిత అధికారి నుంచి నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి వెళుతుంది. ఆ సంస్థ సిఫారసు ఏదైతే నిర్ణయం అదే. చట్టం ఇచ్చిన గడువులన్నీ కలిపితే మూడున్నర నెలలు, దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోండి. "రేకులే కదా" అన్న మాట నిలవదు. స్తంభాలు లేపి వేసే ఏ నిర్మాణమైనా చట్టం దృష్టిలో నిర్మాణమే. పంచాయతీ కాగితం దీనికి బదులు కాదు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇక తవ్వకం. మీ అంతట మీరు జేసీబీ తెచ్చి "ఏముందో చూద్దాం" అని గుంత తీయించకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఇదే గడ్డలో శాతవాహనుల నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు, ఇటుక కట్టడాల పునాదులు దొరికాయి. ఏ పొరలో ఏది ఉందో నమోదు చేయకుండా బకెట్‌తో ఎత్తిపోస్తే మిగిలేది పెంకుల కుప్ప. రక్షిత ప్రదేశంలో పురావస్తు తవ్వకం శాఖ అధికారులు లేదా లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. మీ పొలంలో కొంత రక్షిత హద్దు లోపల పడితే అక్కడ సాగు చేసుకోవచ్చు గానీ అడుగు లోతుకు మించి తవ్వకూడదు.

రక్షిత హద్దు బయటి భూమిలోనూ ముఖ్యమైన శిథిలాలు ఉన్నాయని శాఖ అధికారి నమ్మితే, కలెక్టర్‌కూ మీకూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తవ్వవచ్చు. అలా తవ్వడం వల్ల పంట నష్టమో ఆదాయ నష్టమో జరిగితే చట్టం ప్రకారం కేంద్రం పరిహారం ఇవ్వాలి. అందుకే ఏ పైరు ఉంది, ఎంత దిగుబడి వస్తుందన్నది ముందే ఫొటోలతో, పహాణీ నకలుతో రాసి పెట్టుకోండి. పెంకులు దొరికాయని పట్టా దానంతటదే రద్దు కాదు. స్వాధీనం చేసుకోవాలంటే ప్రభుత్వం చట్టప్రకారం సేకరించి ధర చెల్లించాలి.

అనుమతి వచ్చాక పునాది తీస్తుండగా నాణెమో, కుండో, ఇటుక వరసో కనిపిస్తే పని ఆపించండి. కూలీల చేతుల్లో ఏదీ మాయం కానివ్వకండి. అదే రోజు కలెక్టర్‌కు లెటర్ రాసి, నకలు తహశీల్దారుకు, కొండాపూర్ మ్యూజియంలోని పురావస్తు సిబ్బందికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. దొరికినది దాచితే నిధి నిక్షేపాల చట్టం కింద కేసు మీ మీదికే వస్తుంది. మీరు రాసి ఇచ్చిన లెటర్ నకలు ఉంటే, ఆ తర్వాత ఎవరు ఏ ఆరోపణ చేసినా మీ చేతిలో ఆధారం ఉంటుంది.